సమాధిరాతిపై లేని పేర్లు

మన కన్నులయెదుటనే యుండియు మనము చూడని సంగతులను ఈ పుటలో ప్రతినెలయు ముచ్చటించుకొనుట వాడుక గదా. ఈ నెల మిమ్ము నొక సమాధులదొడ్డికి తీసికొని పోవదలచితిని. అశుభమని మొగము త్రిప్పుకొనకుడు. భారతమునందు స్త్రీపర్వ మని యొక పర్వమే గలదు. అది యంతయు మృతుల నడుమ నడచినదే. దానిని మనము భక్తితో చదువుదుము గాని అశుభ మనము.

కృష్ణ లంకల సీమలో కాలువగట్టు వెంబడి పోవువారికి పెక్కు పల్లెల శివారున నొక మెరక కనబడును. చుట్టును వరిచేలు, నడుమ రెండు మూడు తుమ్మచెట్లు, వాని నీడను సున్నము పూసిన యిటుకకట్టడములు, వానిపై సిలువలు. సమీపమున మాలపల్లెయో మాదిగపల్లెయో, అందొక ప్రార్థనాలయము. అట్టి ప్రార్థనాలయములలో బాప్తిస్టు సంఘమువారివి పెక్కు గలవు. ఇవి యెప్పుడు, ఎట్లు, ఎవరి శ్రమచే పుట్టినవి? వీనిని పెంచినవారి పేర్లు ఆ రాళ్లమీద నున్నవా? ఇదియే నేటి ప్రసంగము. మన జిల్లాలలోని పల్లెటూళ్ల చరిత్రలో సగము ఈ ప్రశ్నలోనే యిమిడియున్నది. స్త్రీల చరిత్రయైతే సగముకంటె నెక్కువయే.

మొదట బాప్తిస్టు లనగా నెవరో చెప్పుకొందము. క్రైస్తవులలో పెక్కు శాఖలు పసిబిడ్డలకే బాప్తిస్మ మిచ్చును. బాప్తిస్టులు అట్లు చేయరు. బుద్ధి యెరిగిన మనుష్యుడు తన నోట తానే విశ్వాసమును ఒప్పుకొన్న పిమ్మట, అతనిని నీట పూర్తిగ ముంచి యెత్తుదురు. మునుగుట మరణమునకును పాతిపెట్టబడుటకును, తేలుట తిరిగి లేచుటకును గురుతులని వారి నమ్మకము. కావున వారి దృష్టిలో ఊరి కాలువరేవును ఊరి సమాధియు ఒక్క భావమునకే రెండు రూపములు. మఱియొక విశేషము. వారిలో ప్రతి యూరి సంఘమును తన పనులను తానే చక్కబెట్టుకొనును. తన సభ్యుల పట్టీని తానే వ్రాసికొనును. ఈ పట్టీ మాట జ్ఞప్తియం దుంచుకొనుడు. ముందు దీనితో పనియున్నది.

తెలుగునాట వీరి కథ నెల్లూరున మొదలైనది. శామ్యూలు డే యను అమెరికా బాప్తిస్టు ఉపదేశకుడు 1836లో భార్యతోగూడ మన దేశమునకు వచ్చి, విశాఖపట్టణము, శ్రీకాకుళము, మద్రాసులలో కొంతకాల ముండి, 1840లో నెల్లూరు చేరెను. ఏండ్లు గడచినను సంఘములో చేరినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంత మందియే. ఈ పని మానివేయుద మని అమెరికాలోని పెద్దలు ఒకటికి రెండుమార్లు ఆలోచించిరి. 1853లో అట్టి చర్చ జరుగునపుడు ఎవరో దేశపటమును చూపి దీనిని ఒంటరి నక్షత్ర మనిరి. ఆ మాటమీదనే ఆ దేశపు కవి యొకడు రాత్రికి రాత్రి పద్యములు వ్రాసెను. ఆ పద్యములే పని నిలుచుటకు తోడ్పడినవని ప్రతీతి. ఒంటరి నక్షత్రమను పేరు మాత్రము నిలిచిపోయినది.

1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలులోని యొక కొండమీద ఐదుగురు కూడి ప్రార్థన చేసిరి. నేటికిని దానిని ప్రార్థనకొండ యనియే పిలుతురు. లైమన్ జ్యూయెట్ దొర, ఆయన భార్య, నర్సు అను తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు అను తెలుగు స్త్రీలు. ఇదియే ఆ కూటము. తరువాత వ్రాయబడిన చరిత్రలలో ఇది జ్యూయెట్ దొర ప్రార్థనగా ప్రసిద్ధి కెక్కెను. కాని లెక్కపెట్టి చూడుడు. ఐదుగురిలో మువ్వురు స్త్రీలు. ఆ చీకటిలో కొండ యెక్కిన తెలుగువారు మువ్వురైతే అందిద్దరు స్త్రీలు.

పండ్రెండేండ్ల పిమ్మట, 1866లో, కనిగిరి ప్రాంతపు తాళ్లకొండపాడునకు చెందిన యెర్రగుంట్ల పెరయ్య యను మాదిగ పెద్దయు, అతని భార్య నాగమ్మయు బాప్తిస్మము పొందిరి. పెరయ్య తోళ్ల వర్తకుడు. సత్యమును వెదకుచు తిరిగిన జిజ్ఞాసువు. క్రైస్తవమును వినకమునుపే అతడు యోగమార్గము నభ్యసించినవాడు. అతనికి ఆ మార్గమును బోధించిన గురువు వీరమ్మ యను స్త్రీ. మాదిగపల్లెలో నొక స్త్రీ గురుపీఠమున కూర్చుండి పురుషునకు ఉపదేశము చేసిన దని వినగా మనలో ననేకులకు ఆశ్చర్యము కలుగవచ్చును. వేమన, వీరబ్రహ్మముల వాక్యములు పల్లెపల్లెను తిరిగిన దేశములో అది వింత కాదు. క్రొత్త మతము శూన్యములో నాటబడలేదు. ఈ మట్టిలో ముందే త్రవ్వియున్న పాదులో నాటబడెను.

పెరయ్య తాను విన్నదానిని ఊరూర చెప్పెను. నాగమ్మ అతనివెంట నుండి స్త్రీలతో మాటలాడెను. ఆ యేడే జాన్ ఎవరెట్ క్లౌ యను యువకుడు భార్య హారియెట్‌తో ఒంగోలులో కాపురము పెట్టెను. 1867 జనవరిలో ఎనిమిదిమందితో అచ్చట సంఘ మేర్పడెను. వారి బడికి మొదట అగ్రకులముల బాలురు వచ్చుచుండిరి. మాదిగలు సంఘములో చేరుచుండుట చూచి, వారిని చేర్చుకొన్నచో తాము రామని ఆ బాలుర పెద్దలు చెప్పిరి. ఇది చిన్న సంకటము కాదు. ఊరి పెద్దల యాదరణ యొకప్రక్క, పేదల యాశ యొకప్రక్క. ఆ రాత్రి భార్యాభర్తలు వేర్వేరుగా గ్రంథము తెరవగా, లోకము హీనులని త్రోసివేసిన వారినే దేవుడు ఏర్పరచుకొనునను భాగమే యిద్దరికిని కనబడెనని వారి చరిత్రలో గలదు. మాదిగలు వచ్చిరి, అగ్రకులముల బాలురు వెడలిపోయిరి. ఆ నిర్ణయములో హారియెట్ పాలు సగమని మరువరాదు.

తరువాత 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చెను. ధాతకరవని మన పెద్దలు చెప్పుకొనునది యిదియే. అప్పటి ప్రభుత్వము కరవుపనిగా బకింగుహాము కాలువను త్రవ్వించెను. ఈ కాలువకును మన డెల్టాకును పొత్తు గలదు. విజయవాడ ఆనకట్ట వద్ద కృష్ణ కుడివైపున బయలుదేరిన నీరు దుగ్గిరాల కడ కొమ్మమూరు కాలువలో ప్రవేశించి, పెదగంజాము వరకు పోయి, అచ్చట బకింగుహాము కాలువతో కలియును. ఆనకట్ట 1855లో ముగిసినది. దాని స్థానమున 1957లో ప్రకాశము బారేజి వచ్చినది. మన పొలములను తడుపు నీరే దక్షిణమున కరవుజనుల చేతిగుర్తులను తాకుచు పోయినదన్నమాట.

క్లౌ దొర ఆ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును తాను గుత్తకు తీసికొనెను. ధర్మము పెట్టుట కాదు. పని పెట్టి కూలి యిచ్చుట. మేస్త్రీల చేతికి చిక్కినచో పేదవానికి కూలి సరిగా ముట్టదని యెరిగి, తన యుపదేశకులనే పనిమీద పెట్టెను. తాటాకు పాకలలో వేలకొలది జనము బసచేసిరి. మగవారు త్రవ్విరి, ఆడువారు మట్టిగంపలను తలమీద మోసిరి. సాయంకాలము పాకలవద్ద ఉపదేశము జరిగెను. అప్పుడే అనేకులు చేరుదుమనిరి; కాని క్లౌ ఒప్పుకొనలేదు. గంజికొరకు వచ్చితిరన్న నింద వారికి రాగూడదని, కరవుపని సాగుచున్నంతకాలము బాప్తిస్మము లియ్యలేదు. కరవు తీరినపిమ్మట జనమే తిరిగి వచ్చెను. 1878 జూలై 3వ తేదీన, ఒంగోలునకు ఉత్తరమున గుండ్లకమ్మ యొడ్డునగల వెల్లంపల్లి కడ ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ సంఖ్య ప్రపంచమంతట ప్రసిద్ధి కెక్కెను. బాప్తిస్టుల చరిత్ర వ్రాసిన వారెవ్వరును దీనిని విడువలేదు. కాని సోదరీమణులారా, ఒక్కక్షణ మాలోచింపుడు. 2,222 అను అంకె యున్నది. ఆ 2,222 మంది పేర్లు ఆ చరిత్రలలో నెచ్చట నున్నవి? ఆ పనిని నడపిన దొరల పేర్లు మనకు తెలియును. మునిగి లేచిన తల్లులలో బిడ్డను చంకనెత్తుకొని వచ్చిన దెవరు, అత్త కెదురాడి వచ్చిన దెవరు, కరవులో ముగ్గురు బిడ్డలను పోగొట్టుకొని వచ్చిన దెవరు? సంఖ్య యనునది గొప్ప దుప్పటి. దానిక్రింద ఎందరినైనను కప్పవచ్చును.

ఆ దుప్పటిని కొంచెమైనను ఎత్తి చూచినది ఒక స్త్రీ. ఎమ్మా రౌషెన్‌బుష్ యను విదుషి క్లౌ దొరకు రెండవ భార్య. ఆమె మాదిగపల్లెల పెద్దల నోట వారి కథలను విని, పేర్లతోసహా వ్రాసికొని, 1899లో ఒక పుస్తకము ప్రకటించెను. దాని పేరునకు మన భాషలో ‘చెప్పులు కుట్టుచు’ అని అర్థము. చెప్పులు కుట్టుచు వారు చెప్పుకొను మాటలకు గ్రంథగౌరవ మిచ్చినది ఆమెయే. అంతకు ముందటి యేట ఆమె స్త్రీల హక్కులకై వాదించిన ఇంగ్లాండు రచయిత్రి మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద నొక గ్రంథము వ్రాసియుండెను. ఒక చేత స్త్రీల హక్కులు, మఱియొక చేత చెప్పులు కుట్టువారి కథలు. ఈ రెండు పనులను ఒక్క మనస్సే చేసినదనుట వింత కాదు.

ఇక మన డెల్టాకు వత్తము. పశ్చిమడెల్టాలోని బాపట్లయు, ఆ చేరువనే మెట్టసీమలోని వినుకొండ, నరసారావుపేటలును 1883 ప్రాంతమున అమెరికా బాప్తిస్టులకు కేంద్రము లయ్యెను. తూర్పువైపు కథ వేరు. దానిని మొదలిడినది పరదేశి కాదు. బందరులో పుట్టిన థామస్ గాబ్రియేలు అను తెలుగువాడు. తంతిశాఖలో నుద్యోగము చేసిన యతడు దానిని వదలుకొని, కాకినాడలో స్వతంత్రముగా బాప్తిస్టు సంఘమును స్థాపించి, అప్పులపాలై, కెనడా బాప్తిస్టులను సహాయ మడిగెను. ఆ పిలుపుమీదనే జాన్ మెక్లారిన్ 1874లో కాకినాడ వచ్చెను. గాబ్రియేలు 1875 ఆరంభముననే మరణించెను. మెక్లారిన్ తరువాతివాడైన టింపనీ దొర 1885లో కలరాచే అచ్చటనే పోయెను. వారి పని క్రమముగ ఆకివీడు, వుయ్యూరు, అవనిగడ్డల వరకు వ్యాపించి, కొల్లేటిగట్టు నుండి దివిసీమ వరకు పల్లెలలో సంఘము లేర్పడెను. కాలక్రమమున ఈ సంఘములు స్వదేశీయుల పాలనకు వచ్చినవి. కెనడావారు నాటినవి ఉత్తర సర్కారుల బాప్తిస్టు సంఘముల కన్వెన్షనుగాను, అమెరికావారు నాటినవి తెలుగు బాప్తిస్టు సంఘముల సమావేశముగాను ఏర్పడియున్నవి.

పల్లెలో సంఘ మేర్పడు క్రమ మెట్టిదన, మొదట నొక తాటాకుపాక. ఆరుదినములు అది బడి, ఏడవదినము ప్రార్థనాలయము. ఉపాధ్యాయుడే ఉపదేశకుడు. ఉపాధ్యాయుని భార్యనగుటచే ఈ యేర్పాటులో నాకు కనబడున దొకటి చెప్పెదను. బడిపంతులు పేరు జీతపు పుస్తకములో నుండును. పాక యూడ్చి, కుండలో నీళ్లు నింపి, జ్వరము వచ్చిన పిల్లవానికి కషాయము కాచి, సాయంకాలము ఆడువారిని చుట్టును కూర్చుండబెట్టుకొని అక్షరములు దిద్దించిన యామె పేరు ఏ పుస్తకములోను ఉండదు. ఆమెగూడ లేనిచో ఆ పాక ఆరునెలలైన నిలువదు.

వీరుగాక బైబిలు స్త్రీలని యుండిరి. వారు తెలుగు స్త్రీలే, పెక్కురు వితంతువులు. చేత పుస్తకమును సంచియు పట్టుకొని ఎండలో గట్లవెంబడి నడచి యూరూర తిరుగుచుండిరి. అగ్రకులముల యిండ్లలో ఘోషాయందున్న స్త్రీలు చదువ నేర్చుకొన గోరినచో, పెరటిద్వారమున వచ్చి, అరుగుక్రింద కూర్చుండి, తాకకుండ, దూరమునుండి అక్షరములను చూపెడివారు. నేడు పత్రిక చేతబట్టి చదువుచున్న మనలో ఎవరి ముత్తవ్వయో ఆ పెరటిలో ‘అ ఆ’లు నేర్చియుండవచ్చును. నేర్పినవారి పేరు మనయింటిలో నెవరికైన జ్ఞప్తి యున్నదా? ఆ యప్పు మన లెక్కలో నింకను తీరలేదు.

ఇట్టివారందరును కాలము తీరి చేరినది ఆ మెరకకే. డెల్టాలో సమాధి కట్టుట సులభము కాదు. ఆరడుగులు త్రవ్వినచో నీరూరును. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలు వారును. దానితో ఇటుకకట్టు పగులును, రాయి ఒరగును. కొయ్యసిలువ నాలుగువానలకు కుళ్లును. చెక్కిన రాతిపలక నిలుపగలవారు కొద్దిమంది. తక్కినవారికి మట్టిదిబ్బయు పిడికెడు బంతిపువ్వులును. ఏటేట ఈస్టరు తెల్లవారుజామున జనులు క్రొవ్వొత్తులు పట్టుకొని సమాధులదొడ్డికి పోయి పాడుదురు. అంతకు ముందు స్త్రీలు కలుపు పీకి, సున్నము వేసి, పూలు కట్టుదురు. చూచుట కెంతో కన్నులపండువుగ నుండును. కాని ఆ సున్నమే యొక చెరుపు చేయుచున్నది. ఏటికొక పూత చొప్పున చెక్కినయక్షరములలో నిండి గట్టిపడి, ఏబదియేండ్లకు రాయి నున్ననై పేరు మాయమగును. ప్రేమతో పూసిన సున్నమే పేరును పూడ్చివేయును.

రాయి లేనివారి సంగతి మఱింత విచారకరము. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన వచ్చెను. 10,000 మందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. శవములను కులము, మతము చూడక గుంపులుగా పూడ్చిరి, కాల్చిరి. ఏ దిబ్బక్రింద ఎవరున్నారో చెప్పగలవారు కరవైరి. ఆనాడు పేర్లు మిగిలినది రాళ్లమీద కాదు. బ్రదికిన ఆడువారి నోళ్లలోను, ఎత్తుగా నున్న యింటి అటకమీద మిగిలిన పాతకాగితములలోను.

శ్మశానమున అందరును సమానులని మనము విందుము. 1895లో వినుకొండ యందు క్రైస్తవకుటుంబములో పుట్టిన గుఱ్ఱము జాషువ కవి శ్మశానమునుగూర్చి వ్రాసిన పద్యములు హరిశ్చంద్ర నాటకములో చేరి, తెలుగునాట ఊరూర మార్మ్రోగినవి. ఆ కవి బ్రదికియుండగా అంటరానితనము ననుభవించినవాడే. శ్మశానములో నున్నదన్న సమానత్వము శ్మశానమునకు పోవు దారిలోనైన లేదని ఆయనకు తెలియకపోలేదు. మన గ్రామములలో శ్మశానములు కులమునకొకటి. కొన్నియూళ్లలో పేదలకు ఆ కొంచెము నేలయు లేదు. ఉన్నను దారి లేక, వానకాలమున మొలలోతు చేలలో పాడె మోయవలసియున్నది. గట్టు ఏటికొక మూర జరుగును. చేపలచెరువు వచ్చి దొడ్డిని కొరుకును. కాటిసుంకము చెల్లింపలేక కొడుకు శవమును ఒడిలో పెట్టుకొని యేడ్చిన చంద్రమతికథ పాతకథ యనుకొనవలదు. 2025 జనవరిలో ఛత్తీసుగఢ్‌లోని బస్తరు ప్రాంతమున ఒక క్రైస్తవ బోధకుడు మరణింపగా, సొంతయూరిలో పూడ్చుటకు ఊరివారు సమ్మతింపరైరి. శవము ఇరువది దినములు ఆసుపత్రిలోనే యుండెను. అతని కుమారుడు సుప్రీముకోర్టు వరకు పోయెను. ఇద్దరు న్యాయమూర్తులకు అభిప్రాయభేదము కలిగెను. తుదకు 20 కిలోమీటర్లకు పైగా దూరముననున్న క్రైస్తవ శ్మశానమున పూడ్చుటకు ఉత్తరువైనది. తాతలు పూడినచోట తాను పూడుటకు గూడ న్యాయస్థానము మెట్లెక్కవలసిన కాల మిది.

“మనకేమి? వారి మతము వేరు, వారి సమాధులు వేరు” అని యెవరైన ననవచ్చును. అట్లనువారికి స్త్రీపర్వమునే చూపెదను. కురుక్షేత్రమున యుద్ధము ముగిసినది. గెలిచినవారు గెలుపును, ఓడినవారు ఓటమిని లెక్కించుకొనుచుండిరి. అక్షౌహిణులనుబట్టి చచ్చినవారి సంఖ్య చెప్పువారు చెప్పిరి. కాని రణరంగమునకు పోయి, పడియున్న ఒక్కొక్కని చూపి, వీడు ఫలానా, వీనిపై పడి యేడ్చుచున్న యీమె వీని భార్య యని పేరుపేరున కృష్ణునకు చెప్పినది గాంధారి. తన కొడుకులనేగాక పగవారి బిడ్డయగు అభిమన్యునిగూడ నామె పేర్కొనెను. చచ్చినవారిని అంకెనుండి మనుష్యులనుగా చేసినది ఒక తల్లి.

పిమ్మట గంగయొడ్డున తర్పణములు జరుగునపుడు కుంతి ముందునకు వచ్చెను. అందరికిని నీళ్లు విడిచిరి గాని సూతపుత్రుడని యెంచబడిన కర్ణునకు విడువలేదు. కర్ణుడు తన జ్యేష్ఠపుత్రుడని యామె యప్పుడు వెల్లడించి, అతనికిని నీళ్లు విడువుమని ధర్మరాజునకు చెప్పెను. జీవితకాలమంతయు దాచిన పేరును ఆ నీటివద్ద దాచలేకపోయెను. కులము తక్కువవాడని పట్టీనుండి విడువబడిన పేరును తిరిగి చేర్చినదియు ఒక తల్లియే. మన యితిహాసము మనకు నేర్పిన ధర్మమిది. మృతుల పేర్లు నిలుపుట స్త్రీల పని. విడువబడిన పేరును చేర్చుట మఱింత స్త్రీల పని. అది ఏ మతపు సమాధియైనను సరియే.

కావున క్రైస్తవసోదరీమణులకు కొన్ని మాటలు మనవి చేసికొందును. ఇతరులకును ఇవి పనికివచ్చునవే. మీ సంఘమున సభ్యుల పట్టీ యున్నదిగదా. దానిప్రక్కన మృతుల పట్టీ యొకటి వ్రాయుడు. మీ యవ్వలను, మేనత్తలను కూర్చుండబెట్టి యడుగుడు. పేరు, పుట్టింటివారి యింటిపేరు, పుట్టినయూరు, తల్లిదండ్రులు, ఎప్పుడు ఏ కాలువలో బాప్తిస్మము పొందిరి, ఏ పనిచేసి బ్రదికిరి అని వ్రాయుడు. ‘ఫలానావారి భార్య’ అని వ్రాసి ఊరకుండవలదు, ఆమెకు పేరుండెను. మాదిగతల్లిని, మాలతల్లిని, వారి పనిని, వారి పల్లెను ఉన్నదున్నట్లు వ్రాయుడు. సిగ్గుపడవలసినది వారు కారు.

సున్నము వేయుటకు ముందు రాతిమీది యక్షరములను కొబ్బరిపీచుతో మెల్లగ రుద్ది కడుగుడు. ఆరినపిమ్మట పలుచని కాగితము నానించి బొగ్గుతో రుద్దినచో అక్షరములు కాగితముపై దిగును. అక్షరములున్నచోట సున్నము వేయకుడు. పట్టీని మూడు ప్రతులు చేసి, ఒకటి ప్రార్థనాలయమునను, ఒకటి మెరకమీది యింటిలోను, ఒకటి వేఱొకయూరి బంధువులయింటను ఉంచుడు. ఉప్పెన మూడిండ్లకు ఒక్కమారు రాదు. ఊరి రెవిన్యూ లెక్కలలో మీ దొడ్డి ఏ సర్వేనెంబరుగా నున్నది, ఎన్ని సెంట్లు అనునది మగవారిచే కనుగొనజేసి ఆ పట్టీ మొదటిపుటలోనే వ్రాయుడు. లెక్కలో లేని నేల పదునైదేండ్లకు చేనగును.

ఇతరులగు సోదరీమణులారా! మీ యూరి దొడ్డికి దారి లేకున్నచో, దానిని గూర్చి పంచాయతిలో మాట వచ్చినపుడు, మీ యింటి మగవారు ఏ ప్రక్క చేయియెత్తిరో ఆ సాయంకాలము అన్నము వడ్డించుచు నడుగుడు. పెరటిద్వారమున వచ్చి మన ముత్తవ్వలకు అక్షరము చూపినవారి కొరకు మనము చేయగల తర్పణ మిదియే.

జూలియా, రూతు, నాగమ్మ, వీరమ్మ. ఎవరో వ్రాసిరి గనుక ఈ నాలుగు పేర్లు మనకు దక్కినవి. వెల్లంపల్లి కడ గుండ్లకమ్మలో మునిగిన 2,222 మందిలోని తల్లుల మునిమనుమరాండ్రు నేటికిని మన యూళ్లలో నున్నారు. వారిలో డెబ్బదియేండ్లు దాటినవారు ఇంకను ఎన్ని ఈస్టరుల వరకు మనతో నుందురో యెవరెరుగుదురు? ఈ నెలలోనే అడుగుడు.